కెనడా మూలవాసీ స్త్రీల పటాలు: చుక్క ఎక్కడ పెట్టాలి, ఎవరు పెట్టాలి?

ఉత్తరవాన (ప్రిన్స్ జార్జ్, కెనడా) · మే 4, రాత్రి 9:12

రేపు మే 5. కెనడా అంతటా చెట్ల కొమ్మలకూ ఇళ్ల వరండాలకూ ఖాళీ ఎర్ర గౌన్లు వేలాడతాయి. కనిపించకుండా పోయిన, హత్యకు గురైన మూలవాసీ ఆడవాళ్ల కోసం. జైమీ బ్లాక్ అనే కళాకారిణి (కెనడా మూలవాసీ సమూహాల్లో ఒకటైన మేటీకి చెందిన మనిషి) 2010లో మొదలుపెట్టిన పని ఇది. ఈ మధ్య మన పిల్లలు చాలామంది ఈ ఊరికి చదువుకోవడానికి వస్తున్నారు కాబట్టి ఇది వాళ్లకూ తెలియాలి.

మా ఊరి నుంచి పడమటి సముద్రం ఒడ్డున ఉన్న ప్రిన్స్ రూపర్ట్ దాకా హైవే 16 వెళ్తుంది. సుమారు 720 కిలోమీటర్లు. దీన్నే హైవే ఆఫ్ టియర్స్, కన్నీటి దారి అంటారు. ఈ దారిలోనూ దీంతో కలిసే దారుల్లోనూ జరిగిన కేసుల మీద కెనడా జాతీయ పోలీసులైన ఆర్‌సీఎంపీ వాళ్లు 2005లో 'ఈ-పానా' పేరుతో దర్యాప్తు మొదలుపెట్టారు. ఆ జాబితాలో 18 మంది ఉన్నారు, 1969 నుంచి 2006 వరకు. అసలు సంఖ్య అంతకు రెట్టింపుకు పైనే ఉంటుందని ఇక్కడి కుటుంబాలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి.

నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది హంతకుల గురించి కాదు. ఆ కుటుంబాలు గీసుకున్న పటం గురించి. ఏ మలుపు దాటాక ఫోన్ సిగ్నల్ పోతుంది, ఏ ఊరి నుంచి ఆసుపత్రికి బస్సు లేదు, రాత్రి ఎక్కడ దీపం ఉండదు, ఏ ఇంటి తలుపు తడితే తీస్తారు, ఇవన్నీ ఈ దారి పొడుగునా ఉన్న వాళ్లకు నోటికి వచ్చు. 2006 మార్చిలో ఇక్కడ సభ పెట్టి, తెలిసినదంతా 33 సిఫార్సులుగా రాసి ఇచ్చారు. అందులో గట్టిగా అడిగింది బస్సు. 2012లో మిస్సింగ్ విమెన్ కమిషన్ నివేదిక కూడా ఈ దారికి రవాణా వెంటనే కావాలంది. ఊళ్లను కలుపుతూ ప్రభుత్వ బస్సు తిరిగింది ఎప్పుడో తెలుసా? 2017లో. పదకొండేళ్లు! మధ్యలో, 2015లో, ఈ హైవే మీద జరిగిన సమావేశాలకు సంబంధించిన ఈమెయిళ్లను ప్రభుత్వ కార్యాలయంలోనే చెరిపేశారని మా రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియా సమాచార కమిషనర్ నివేదిక బయటపెట్టింది.

బస్సు లేనప్పుడు ఆడపిల్ల లిఫ్ట్ అడుగుతుంది. ఆ పిల్లకు లిఫ్ట్ అడగొద్దని బోర్డు పెట్టారు, బస్సు మాత్రం వెయ్యలేదు.

---

పటంపిచ్చి (హైదరాబాద్) · మే 4, రాత్రి 10:40

అక్కా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అంటే ఎవరైనా దిద్దగల ఉచిత ఆన్‌లైన్ మ్యాప్‌లో, పనిచేస్తుంటాను. ఒక ఆలోచన చెప్తాను. పత్రికల్లో వచ్చిన కేసులన్నీ ఒక షీట్‌లోకి తీసి, అక్షాంశాలు రేఖాంశాలు ఇచ్చి, అందరూ చూసేలా ఒక ఇంటరాక్టివ్ మ్యాప్ చేద్దామా? వలంటీర్లు నలుగురుంటే ఒక వారాంతం చాలు.

ఇలాంటివి పనిచేశాయి కూడా. కెన్యాలో 2007 డిసెంబర్ ఎన్నికల తర్వాతి హింసను నమోదు చెయ్యడానికి పుట్టిన ఉషాహిదీ సాఫ్ట్‌వేర్ మీదే 2010లో కైరోలో హరాస్‌మ్యాప్ వచ్చింది. వేధింపు ఎదురైన అమ్మాయి మెసేజ్ పంపితే మ్యాప్ మీద చుక్క పడేది. మన దేశంలో 2013లో సేఫ్టీపిన్ వచ్చింది, వీధిలో వెలుతురు ఎంత, మనుషులు తిరుగుతున్నారా, బస్టాప్ దగ్గరా దూరమా అని మార్కులు వేస్తుంది. పద్ధతులు తయారుగా ఉన్నాయి. మనం చేతులు కట్టుకుని కూర్చోవడం ఎందుకు?

---

లెక్కలమాస్టారు (విజయవాడ) · మే 5, ఉదయం 6:05

మ్యాప్ సంగతి తర్వాత బాబూ, ముందు ఆ షీట్‌లోకి ఏ లెక్క ఎక్కిస్తావు? ఇక్కడ అసలు గొడవంతా లెక్క దగ్గరే.

కెనడాలో నేటివ్ విమెన్స్ అసోసియేషన్ వాళ్లు 'సిస్టర్స్ ఇన్ స్పిరిట్' పేరుతో అయిదేళ్లు కష్టపడి, 2010 మార్చి నాటికి 582 కేసులు పోగుచేశారు. ఆ తర్వాత ఆ పనికి ప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. 2013లో మేరీయాన్ పియర్స్ అనే పరిశోధకురాలు అటావా విశ్వవిద్యాలయంలో తన సిద్ధాంత గ్రంథం కోసం 3,329 మంది స్త్రీల వివరాలు సేకరిస్తే, అందులో 824 మంది మూలవాసీలని తేలింది. మరుసటి ఏడాది ఆర్‌సీఎంపీ తన సొంత లెక్క విడుదల చేసింది: మొత్తం 1,181. 1980 నుంచి 2012 వరకు హత్యలు 1,017, ఆచూకీ లేనివారు 164. ఆ దేశపు ఆడవాళ్లలో మూలవాసీలు సుమారు 4.3 శాతం, హత్యకు గురైన ఆడవాళ్లలో 16 శాతం. నాలుగేళ్లలో సంఖ్య 582 నుంచి 1,181కి ఎలా పెరిగింది? చావులు పెరగలేదు, లెక్కపెట్టేవాళ్లు పెరిగారు. ఇంటింటికీ తిరిగిన ఆడవాళ్లు నిలదీస్తే పోలీసులు ఫైళ్లు తెరిచారు.

అమెరికాది మరీ అన్యాయం. అర్బన్ ఇండియన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ 2018లో ఇచ్చిన నివేదిక చూడండి. 2016లో మూలవాసీ స్త్రీలు, బాలికలు కనిపించడం లేదని పోలీసులకు అందిన ఫిర్యాదులు 5,712. కేంద్ర న్యాయశాఖ వారి తప్పిపోయినవారి జాబితాలో ఉన్నవి 116. ఆ సంస్థ 71 నగరాల్లో వెతికితే 506 కేసులు దొరికాయి. వాటిలో 153 పోలీసు రికార్డుల్లోనే లేవు, కుటుంబాల నుంచి, పత్రికల నుంచి ఏరుకున్నవి. సియాటిల్ పాత రికార్డుల్లో 'ఎన్' అనే ఒక్క అక్షరం నల్లజాతివారికి వాడిన కోడ్. నేటివ్ అనుకుని వెతికితే రెండు జాతులవారి వివరాలూ కలిసిపోయి వచ్చాయి.

ఇప్పుడు చెప్పు. పత్రికల్లో వచ్చినవే ఎక్కిస్తే, పత్రిక పట్టించుకోని పిల్ల నీ మ్యాప్‌లో రెండోసారి తప్పిపోతుంది.

---

నల్లరేగడి (కర్నూలు) · మే 5, ఉదయం 7:31

నాకో సందేహం, ఎవరినీ నొప్పించాలని కాదు. హంతకుణ్ణి పట్టుకునేది పోలీసు, శిక్షించేది కోర్టు. పటం గీస్తే ఒక్క ప్రాణమైనా నిలుస్తుందా? ఆ శక్తంతా న్యాయ పోరాటంలో పెడితే మేలు కదా.

---

ఉత్తరవాన · మే 5, ఉదయం 8:50

నల్లరేగడి గారూ, ఈ ప్రశ్న ఇక్కడి కుటుంబాలు కూడా తమను తాము వేసుకున్నాయి. పోలీసులు వెతకనప్పుడు ఏం చెయ్యాలి అన్న చోటే ఈ పటాలు పుట్టాయి. 2014 ఆగస్టులో విన్నిపెగ్‌లో రెడ్ నదిలో పదిహేనేళ్ల పిల్ల శవం దొరికింది. నదిని గాలించమంటే పోలీసులు ముందుకు రాలేదు. దాంతో మామూలు జనమే పడవలు వేసుకుని, ఇనుప కొక్కేలు గొలుసులకు కట్టి నది అడుగును లాగుతూ వెతికారు. 'డ్రాగ్ ద రెడ్' అంటారు. అది మొదలుపెట్టిన వాళ్లలో ఒకరు బెర్నడెట్ స్మిత్, ఆమె సొంత చెల్లెలు 2008 నుంచి కనిపించడం లేదు. ఆమె ఇప్పుడు మానిటోబా ప్రభుత్వంలో మంత్రి.

వాంకూవర్‌లో ఇంకో రకం పటం ఉంది, కాగితం మీద కాదు. 1992 నుంచి ప్రతి ఫిబ్రవరి 14న డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్‌లో ఆడవాళ్లు ఊరేగింపు తీస్తారు. మెయిన్, హేస్టింగ్స్ వీధులు కలిసే కూడలి దగ్గర మొదలవుతుంది. ముందు పెద్దావిడలు డోళ్లతో నడుస్తారు. ఏ ఆడమనిషి ఏ సందు దగ్గర చివరిసారి కనిపించిందో, ఎక్కడ దొరికిందో, అక్కడ ఊరేగింపు ఆగుతుంది. హత్యకు గురైన వాళ్లకు ఎర్ర గులాబీ, ఆచూకీ లేని వాళ్లకు పసుపు గులాబీ పెట్టి, పేరు చెప్పి, మళ్లీ కదులుతారు. ఒక బారు ముందు, ఒక హోటల్ మెట్ల ముందు, చెత్తడబ్బాలుండే సందు ముందు ఆగుతారు. ట్రాఫిక్ మొత్తం ఆగాల్సిందే. రోజూ ఆ వీధిలో కాఫీ తాగే మనిషి, తను నిలబడిన చోటు ఏమిటో ఆరోజు తెలుసుకుంటాడు.

న్యాయ పోరాటానికి దీనికీ పోటీ లేదండీ. దేశవ్యాప్త విచారణ జరపాలని ఏళ్ల తరబడి అడిగింది ఈ నడిచిన వాళ్లే. ఆ విచారణ 2016లో మొదలై, 2019 జూన్‌లో నివేదిక ఇచ్చింది. అందులో 231 'న్యాయపిలుపులు', అంటే న్యాయం కోసం చెయ్యాల్సిన పనులు. ఇది జాతి విధ్వంసం అని ఆ నివేదిక నేరుగా రాసింది.

---

పటంపిచ్చి · మే 5, ఉదయం 9:20

మాస్టారూ, పత్రికల విషయం ఒప్పుకుంటాను, కుటుంబాల నుంచే తీసుకుందాం. కానీ అందరికీ కనిపించే మ్యాప్ లేకపోతే ఒత్తిడి ఎలా వస్తుంది? ఒక్కో కేసుకు ఒక చుక్క. చూడగానే గుండె ఝల్లుమనాలి. దాచిపెడితే ఎవరికి లాభం?

---

పుగెట్‌తీరం (సియాటిల్) · మే 5, ఉదయం 10:15

ప్రజారోగ్యం చదువుతున్నాను కాబట్టి కలగజేసుకుంటున్నాను. తమ్ముడూ, ఒక్కో కేసుకు ఒక చుక్క అన్నావు. ఆ చుక్క ఎక్కడ పెడతావు?

ఒక అమ్మాయిని ఊహించుకో. పుట్టిన పల్లె ఒకటి. పనికో చదువుకో వచ్చి ఉంటున్న పట్నం ఒకటి. చివరిసారి కనిపించిన పెట్రోల్ బంకు ఇంకొకటి. దేహం దొరికిన చోటు, దొరికితే, నాలుగోది. ఫిర్యాదు రాసుకున్న స్టేషన్ అయిదోది. పోలీసు రికార్డు నుంచి తీసుకుంటే చాలాసార్లు చుక్క స్టేషన్ మీద పడుతుంది. అప్పుడు నీ మ్యాప్ చూపేది నేరం జరిగిన చోటు కాదు, ఫిర్యాదు తీసుకున్న చోటు. ఫిర్యాదు తీసుకోని స్టేషన్ చుట్టూ తెల్లగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. దేహం దొరికిన చోట పెడితేనో, హంతకుడు ఎంచుకున్న చోటే ఆ అమ్మాయికి శాశ్వత చిరునామా అవుతుంది. తల్లి ఆ మ్యాప్ తెరిచి చూడగలదా? ఆమెకు కావలసింది బిడ్డ పుట్టిన ఊరి మీద బిడ్డ పేరు.

ఇంకో చిక్కు. చిన్న పల్లెలో ఒక్క చుక్క పెట్టినా అది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ప్రాణాలతో బయటపడి, మగవాడికి దొరక్కుండా దాక్కున్న ఆడమనిషి ఉన్న ఊరు కూడా తెలిసిపోతుంది.

అనీటా లుకేసి పేరు వినే ఉంటారు. సదరన్ షయాన్ తెగ మనిషి, పటాలు గీయడమే ఆమె చదువు. 2015లో ఒక డేటాబేస్ మొదలుపెట్టి, 1900 నుంచి దొరికినన్ని కేసులు అందులో చేర్చుకుంటూ వచ్చింది. తర్వాత సావరిన్ బాడీస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. మాస్టారు చెప్పిన 2018 నివేదిక కూడా ఆమె, అబిగైల్ ఎకో-హాక్ కలిసి రాసిందే. ఆ డేటాను ఎవరంటే వాళ్లు దించుకునేలా నెట్‌లో పరిచి పెట్టలేదు. అడిగేది ఎవరు, ఎందుకు అడుగుతున్నారు అన్నది చూస్తారు.

కెనడాలో ఫస్ట్ నేషన్స్ అనే మూలవాసీ జాతుల వాళ్లు ఈ సంగతి 1998లోనే సూత్రంగా పెట్టుకున్నారు. ఒకాప్ అంటారు. సమాచారం ఎవరిదో వాళ్లకే హక్కు, వాళ్లదే అదుపు, వాళ్లకు అందుబాటు, వాళ్ల చేతుల్లోనే నిల్వ. తరతరాలుగా వాళ్ల తలలు కొలిచారు, భూములు కొలిచారు, పిల్లల్ని రిజిస్టర్లలోకి ఎక్కించి, ఇళ్ల నుంచి విడదీసి హాస్టల్ బడులకు పట్టుకెళ్లారు. మళ్లీ ఇంకెవరో ప్రేమతోనే వచ్చి లెక్క రాసుకుని పోతామంటే, తలుపు వెయ్యరా?

---

నల్లరేగడి · మే 5, ఉదయం 11:02

ఇది నేను ఆలోచించని కోణం. అమెరికాలో పోలీసులు అంత ఎందుకు వదిలేస్తారో ఎవరైనా చెప్తారా? నిర్లక్ష్యమేనా, చట్టంలోనే ఏమైనా ఉందా?

---

పుగెట్‌తీరం · మే 5, ఉదయం 11:48

రెండూ. చట్టంలో ఉన్నది మరీ ఘోరం. 1978లో ఒలిఫంట్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, తెగల కోర్టులకు మూలవాసీ కాని మనిషిని నేరానికి విచారించే అధికారం లేదంది. అంటే రిజర్వేషన్ (తెగకు కేటాయించిన ప్రాంతం) లోపలికి బయటివాడొకడు వచ్చి ఆడమనిషిని కొడితే, అక్కడి సొంత కోర్టు వాడిని ముట్టుకోలేదు. ఎఫ్‌బీఐ రావాలి, లేదా రాష్ట్రం రావాలి. వాళ్లు ఎంతో దూరంలో ఉంటారు. 2013లో గృహహింస కేసుల వరకు ఆ అధికారం కొంత తిరిగి ఇచ్చారు, 2022లో లైంగిక దాడి లాంటి మరికొన్ని నేరాలకు పెంచారు.

అందుకే అక్కడి వాళ్లు గీసే పటాల్లో అన్నిటికన్నా పనికొచ్చేది నేరాల పటం కాదు, అధికార పరిధుల పటం. ఒకే రోడ్డు మీద పది మైళ్లు వెళ్తే తెగ పోలీసు, కౌంటీ షెరిఫ్, ఎఫ్‌బీఐ మారుతుంటారు. పక్క పక్క పొలాలకు వేర్వేరు చట్టాలు. నేరస్థుడికి ఆ గీతలు తెలుసు. ఫోన్ చేసే ఆడమనిషి "అది మా పరిధి కాదు" అని విన్న ప్రతిసారీ ఆ గీత మీద నిలబడి ఉంటుంది. నార్త్ డకోటాలో ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్ చుట్టూ చమురు బావుల కోసం వేల మంది మగవాళ్ల క్యాంపులు వెలిశాక ఈ గీతల సంగతి ఇంకా బయటపడింది. కెనడా విచారణ నివేదిక కూడా గనుల, చమురు పనుల క్యాంపులకూ ఆడవాళ్ల మీద హింసకూ ఉన్న సంబంధాన్ని విడిగా రాసింది.

---

ఉత్తరవాన · మే 5, మధ్యాహ్నం 1:25

గీతలు అన్నారు కాబట్టి ఒకటి చేరుస్తాను. కెనడా 1876 ఇండియన్ యాక్ట్ ప్రకారం, మూలవాసీ స్త్రీ బయటివాణ్ణి పెళ్లి చేసుకుంటే ఆమె గుర్తింపు పోయేది. ఊళ్లో ఉండే హక్కు పోయేది. మగవాడు బయటి పిల్లను చేసుకుంటే అతని గుర్తింపు పోకపోగా భార్యకూ వచ్చేది! 1985 దాకా ఇదే చట్టం. భర్త వదిలేసినా, చచ్చిపోయినా, పుట్టింటికి వెళ్లి ఉండలేని ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? ప్రిన్స్ జార్జ్, విన్నిపెగ్, వాంకూవర్. చౌక అద్దె గదులు, రాత్రి పనులు. మ్యాప్‌లో నగరాల దగ్గర చుక్కలు గుంపుగా కనపడితే "పట్నం ప్రమాదం" అని చదువుకుంటారు జనం. వాళ్లను పట్నానికి తోసిన చట్టం ఏ లేయర్‌లో కనపడుతుంది?

అందుకే తమ్ముడూ, నా మాట ఇది. చుక్కలు పెట్టు, కానీ ఆడవాళ్ల మీద పెట్టకు. ప్రభుత్వం లేని చోట్ల మీద పెట్టు. బస్సు ఆగని ఊరు, సిగ్నల్ లేని మైళ్లు, రాత్రి తాళం వేసుండే స్టేషన్, ఆడవాళ్ల వసతి గృహం లేని జిల్లా. వీటికి ఎవరి గోప్యతా పోదు, ఎవరి తల్లీ ఏడవదు. జవాబు చెప్పాల్సిన వాళ్ల పేర్లు మాత్రం బయటికొస్తాయి. హైవే 16 మీద గెలిచింది ఈ రకం పటమే. బస్సు వచ్చింది. 2021లో సుమారు 252 కిలోమీటర్ల సిగ్నల్ లేని దారికి 12 కొత్త టవర్లు ప్రకటించారు.

---

మన్యంబాట (పాడేరు) · మే 5, రాత్రి 8:33

పగలంతా సిగ్నల్ లేదు, ఇప్పుడే అన్నీ చదివాను. సిగ్నల్ లేని మైళ్లు అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆపద వస్తే నొక్కమని ఆడవాళ్లకు దిశ యాప్ ఇచ్చారు 2020లో. మా కొండ మీద కొన్ని ఊళ్ల వాళ్లు ఫోన్ మాట్లాడాలంటే ఒక రాయి ఎక్కాలి. ఆపద వచ్చినప్పుడు రాయి దాకా పరిగెత్తమంటారా?

ఇక్కడికీ కెనడాకీ పోలిక తెచ్చి రెండూ ఒకటే అనను. వాళ్ల చరిత్ర వేరు. కానీ రికార్డు ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న మాకూ ఉంది. 2007లో వాకపల్లి కోందు ఆడవాళ్లు పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. 2023లో విశాఖ ప్రత్యేక కోర్టు, దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెబుతూ నిందితులను వదిలేసింది, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు. మొదటి రోజుల్లో రాయాల్సింది రాయకపోతే తర్వాత ఏ కోర్టుకూ చేతిలో ఏమీ ఉండదు.

పటం గీయడం మాకు కొత్త కాదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక, సామూహిక హక్కుల కోసం జీపీఎస్ పట్టుకుని ఊరి హద్దులు నడిచి గీసుకున్నాం. అప్పుడు నేను గమనించింది ఒకటుంది. మగవాళ్లు గీస్తే పటంలో పోడు, గుట్ట, శ్మశానం వచ్చాయి. ఆడవాళ్లను కూర్చోబెడితే ఊట నీళ్ల బాట, అడ్డాకుల చోటు, సంతకు పోయే అడ్డదారి వచ్చాయి. ఆ అడ్డదారిలో ఒక చోట చెయ్యి పెట్టి ఒకావిడ "ఇక్కడ ఒంటరిగా వెళ్లం" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. హక్కుల పటంలో దానికి గుర్తు లేదు కాబట్టి అది ఎక్కలేదు.

---

పటంపిచ్చి · మే 5, రాత్రి 9:10

అన్నా, ఆ గుర్తు కోసమే అడుగుతున్నాను. కెనడా మ్యాప్ ఆలోచన వదిలేస్తున్నాను, ఆ పని అక్కడి వాళ్లు చేసుకుంటున్నారు, మన చెయ్యి అక్కర్లేదు. మీ ఊళ్లలో ఆడవాళ్లు కావాలంటే నేను ఏం చెయ్యగలను? సర్వర్ అక్కర్లేకుండా, నెట్ లేకుండా, ఫోన్‌లోనే పనిచేసే ఫారం తయారు చెయ్యగలను. డేటా నా దగ్గర ఒక్క వరుస కూడా ఉండదు.

---

లెక్కలమాస్టారు · మే 5, రాత్రి 9:26

ఫారంలో పేరు అనే గడి పెట్టకు. వయసు కూడా వద్దు. చిన్న ఊళ్లో వయసు చెబితే పేరు చెప్పినట్టే. తేదీకి బదులు కాలం రాస్తే చాలు, జీడిమామిడి కాలమో, సంత రోజో.

---

మన్యంబాట · మే 5, రాత్రి 10:02

బాబూ, ముందు ఫోన్ వద్దు. మొదట పెద్ద చార్ట్ కాగితం, గింజలు, ముగ్గు. మా పొదుపు సంఘం ఆడవాళ్లు నేల మీద వేస్తారు, వాళ్లకు ఇష్టమైతే కాగితం మీదికి ఎక్కిస్తారు. కాగితం సంఘం పెట్టెలో ఉంటుంది, తాళం అధ్యక్షురాలి దగ్గర. అందులోంచి బయటికి ఏది పోవాలో వాళ్లే చెప్తారు. వీధి దీపం, టవర్, ఆటో ఆగని చోటు, ఇవి గ్రామసభ తీర్మానంగా ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకి) వెళ్తాయి. అడ్డదారి సంగతి బయటికి పోదు, పోవాలని వాళ్లు అంటే తప్ప. నువ్వు చెయ్యాల్సింది ఆ తీర్మానానికి జతచేసే మ్యాప్ శుభ్రంగా ప్రింట్ తీసి ఇవ్వడం. ఏ సైజు కావాలో ఆఫీసులో కనుక్కుని చెప్తాను.

---

ఉత్తరవాన · మే 5, రాత్రి 10:30

మన్యంబాట గారూ, 2006 సభ సిఫార్సుల్లో ఒకటి మీకు పనికొస్తుంది. సిగ్నల్ లేని చోట్ల అత్యవసర ఫోన్ బూత్‌లు పెట్టమన్నారు. టవర్ రావడానికి ఏళ్లు పడితే, ఈలోగా ఏం పెడతారని తీర్మానంలోనే విడిగా అడగండి. ఇక్కడ బస్సు ఒక్కటే గట్టిగా అడిగి, మిగతావి వెనక్కి పోవడం చూశాం.